ఎల్కతుర్తికీ రాయదుర్గానికీ మధ్య ఇల్లు ఎక్కడ?

హనుమకొండలో కుటుంబ సలహాదారుగా నేను చూసే దంపతుల్లో ఈమధ్య ఒక రకం తగవు బాగా పెరిగింది. తాగుడు కాదు, అనుమానం కాదు, అత్తింటి పోరూ కాదు. ఇద్దరూ మంచివాళ్లే, ఇద్దరూ సంపాదించేవాళ్లే. ఉద్యోగాలు మాత్రం చెరో ఊళ్లో ఉన్నాయి. కాపురం ఎక్కడ పెట్టాలన్నదే గొడవ. చూడటానికి ఇది ఇళ్ల బ్రోకరుతో తేలే సంగతిలా ఉంటుంది. కొన్నేళ్లు నానిస్తే మనుషుల్ని విడదీస్తుంది.

ఇక్కడ రాస్తున్న కేసును వివరంగా చెప్పడానికి ఆ కుటుంబం ఒప్పుకుంది. గుర్తుపట్టే వివరాలు మార్చాను. దూరాలు, ప్రయాణానికి పట్టే సమయం మాత్రం అలాగే ఉంచాను, ఎందుకంటే అవి మారితే కేసే మారిపోతుంది.

భార్యకు 38 ఏళ్లు. హనుమకొండ జిల్లా ఎల్కతుర్తి మండలంలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం స్కూల్ అసిస్టెంట్, అంటే ఆ సబ్జెక్టు టీచరు. భర్తకు 41. హైదరాబాద్ రాయదుర్గంలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడ్. వారానికి మూడు రోజులు ఆఫీసుకు వెళ్లాలి, రెండు రోజులు ఇంటి నుంచి పని. షిఫ్టు ఉదయం 11 నుంచి రాత్రి 8 దాకా. బాబుకు ఏడేళ్లు. భర్త తల్లికి 68. బీపీ, షుగర్, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. హైదరాబాద్ తూర్పు అంచున బోడుప్పల్‌లో సొంత ఫ్లాట్, దాని మీద ఇంకా చాలా ఏళ్ల బ్యాంకు వాయిదాలు.

ఆ ఫ్లాట్ కొన్నప్పుడు వాళ్ల లెక్క తప్పేమీ కాదు. అప్పుడు ఆమె జనగామ వైపు ఒక బడిలో పనిచేసేవారు. వరంగల్ రోడ్డు మీద బస్సు ఎక్కితే నేరుగా బడి దగ్గర దిగేవారు. 2021 డిసెంబరులో 317 జీవోతో ఉద్యోగులను కొత్త జిల్లాలకు కేటాయించినప్పుడు ఆమెకు హనుమకొండ జిల్లా వచ్చింది. స్కూల్ అసిస్టెంట్ జిల్లా కేడర్ పోస్టు కాబట్టి సాధారణ బదిలీల్లో ఆ జిల్లా దాటి రాలేరు. భార్యాభర్తలను దగ్గర చేసేందుకు బదిలీల్లో ఇచ్చే స్పౌజ్ పాయింట్లు ఉంటాయి కదా అని చాలామంది అడుగుతారు. భర్త ప్రైవేటు కంపెనీలో ఉంటే అవి వర్తించవు. అంటే ఆమె ఉద్యోగం మేకు కొట్టినట్టు ఒకచోట ఉంది. ఆయన ఉద్యోగానికి కొంత సడలింపు ఉంది. ఈ తేడాను ఇంట్లో ఎవరూ ఒక్కసారైనా పైకి అనుకోలేదు.

నా దగ్గరికి వచ్చేనాటికి ఆమె మూడేళ్లకు పైగా బోడుప్పల్ నుంచి ఎల్కతుర్తికి రోజూ అప్ అండ్ డౌన్ చేస్తున్నారు. ఒక మంగళవారం ఎలా గడిచిందో గడియారం ప్రకారం రాయమన్నాను. ఆ కాగితంలో ఉన్నది ఇది. 4.10కి లేవడం. బాబు డబ్బా, అత్తమ్మ ఉప్మా, తన డబ్బా. 5.15కి ఇంటి తాళం. మేడిపల్లి దగ్గర 5.40కి వరంగల్ ఎక్స్‌ప్రెస్. 8.10కి హనుమకొండ. బస్టాండులో కరీంనగర్ వైపు బస్సు 8.20కి. 8.55కి బడి గేటు. తొమ్మిదింటికి ప్రార్థన. సాయంత్రం 4.15కి గంట కొట్టాక మళ్లీ అదే దారి, ఇంటికి చేరేసరికి 8.20. పొద్దున తాళం వేసినప్పటి నుంచి రాత్రి గడప తొక్కేదాకా పదిహేను గంటలు. శనివారం కూడా అంతే, రెండో శనివారం తప్ప.

ఇంత ప్రయాణాన్ని ఇల్లు ఎలా భరించింది? దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలై మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితమైంది. లక్షల మంది ఆడవాళ్లకు అది నిజమైన మేలు, నేను రోజూ చూస్తున్నాను. కానీ ఈ ఇంట్లో ఇంకొకటి కూడా జరిగింది. టికెట్ ఖర్చు నెల లెక్కలోంచి పోయేసరికి ఆమె ప్రయాణమే లెక్కలోంచి పోయింది. అంతకుముందు ఆమె డీలక్స్ బస్సులో కూర్చుని కునుకు తీస్తూ వెళ్లేవారు. ఉచితం ఎక్స్‌ప్రెస్‌లోనే కాబట్టి, నెలకు కొన్ని వేలు మిగులుతాయి కాబట్టి, దానికి మారారు. కొన్ని రోజులు జనగామ దాకా నిలబడే ప్రయాణం. ఆయన నా ముందు కూర్చుని ఎంతో మామూలుగా, ‘తన ప్రయాణానికి ఖర్చేమీ లేదండీ’ అన్నారు. ఆమె తలెత్తి ఆయన వంక చూశారు. ఆ మొదటి సిట్టింగులో నేను రాసుకున్న ముఖ్యమైన మాట అదే.

వాళ్లు నా దగ్గరికి తగవుతో రాలేదు, పరిష్కారంతోనే వచ్చారు. ఆయన ప్రతిపాదన జనగామ. రైల్లో సికింద్రాబాద్‌కు సుమారు 85 కిలోమీటర్లు, కాజీపేటకు సుమారు 50. పైగా అక్కడ తండ్రి కట్టిన ఇల్లుంది, అద్దె లేదు. అమ్మకు పరిచయస్తులున్నారు. ‘ఇద్దరం కొంత కొంత కష్టపడదాం, ఇదే న్యాయం’ అన్నారు. ఆయన మనస్ఫూర్తిగానే అన్నారు. ఆమె కూడా కాదనలేదు, కాదనడానికి ఓపిక లేక.

మధ్య ఊరు అనగానే మనసుకు న్యాయంగా తోస్తుంది. అందుకే దాన్ని ముందుగా పరీక్షకు పెడతాను. కిలోమీటర్లు రాయనివ్వను. ఇంటికి తాళం వేసిన నిమిషం నుంచి పని కుర్చీలో కూర్చున్న నిమిషం దాకా రాయమంటాను. జనగామ నుంచి ఆయనకు స్టేషన్ దాకా పదిహేను నిమిషాలు, రైలు కోసం నిలబడే సమయం, సికింద్రాబాద్‌కు గంటన్నర, అక్కడి నుంచి నడిచి సికింద్రాబాద్ ఈస్ట్ మెట్రో, రాయదుర్గం దాకా ముప్పావు గంట, మళ్లీ నడక. ఎటు చూసినా మూడు గంటలు. రాత్రి 8కి ఆఫీసు వదిలితే రైలు వేళలు కలవవు. మెట్రోలో ఉప్పల్ వచ్చి బస్సు ఎక్కాలి. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఆ రోడ్డు సంగతి మా వైపు వాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు, 2018లో మొదలైన ఎలివేటెడ్ కారిడార్ పనులు ఏళ్ల తరబడి సాగుతూనే వచ్చాయి. ఆమెకు జనగామ నుంచి హనుమకొండ గంటన్నర, బస్సు మారడం, ఎల్కతుర్తి వైపు ఇంకో నలభై నిమిషాలు. రెండు గంటల పైమాటే. మ్యాపులో మధ్యలో ఉన్న ఊరు గడియారంలో మధ్యలో లేదు. నగరంలో చివరి పదిహేను కిలోమీటర్లు ఊళ్ల మధ్య యాభై కిలోమీటర్లంత సమయం తింటాయి.

అయినా ఇది ఇంకా సగటు రోజు లెక్కే. ఇల్లు ఎక్కడ ఉండాలో సగటు రోజును బట్టి తేల్చకూడదన్నది నా పద్ధతి. గత ఏడాదిలో అన్నింటికంటే పాడైన రోజు ఏది అని ఇద్దరినీ విడివిడిగా అడిగాను. ఇద్దరూ ఒకే రోజు చెప్పారు. జూలైలో ఒక బుధవారం. బాబుకు బడిలో వాంతులు, 103 జ్వరం. బడివాళ్లు ముందు తల్లికే ఫోన్ చేశారు. ఆమె ఎల్కతుర్తిలో ఎనిమిదో తరగతిలో ఉన్నారు. ఆయన రాయదుర్గంలో క్లయింటు మీటింగులో ఉండి ఫోను సైలెంట్‌లో పెట్టారు. నాయనమ్మ ఆటో మాట్లాడుకుని వెళ్లారు కానీ డాక్టరు అడిగిన వాటికి జవాబు చెప్పలేకపోయారు. పక్క ఫ్లాటు ఆవిడ తోడు వెళ్లారు. తల్లి ఇంటికి చేరింది రాత్రి ఏడున్నరకు. తండ్రి ఆమెకంటే అరగంట ముందు వచ్చారు.

ఆ రోజును జనగామలో పెట్టి చూడమన్నాను. తల్లి రెండు గంటల దూరంలో, తండ్రి మూడు గంటల దూరంలో. ఇద్దరికీ సమాన దూరంలో ఇల్లు అంటే బిడ్డకు ఇద్దరూ సమాన దూరం అని అర్థం. బోడుప్పల్‌లో కనీసం తండ్రి ఇంటి నుంచి పనిచేసే రెండు రోజులైనా ఒకరుంటారు, మిగతా రోజుల్లో ఆయన గంటన్నరలో రాగలరు. హనుమకొండలో, ముఖ్యంగా కరీంనగర్ రోడ్డు వైపు ఉంటే, తల్లి ప్రతిరోజూ ముప్పావు గంటలో ఇంట్లో ఉండగలరు. చిన్న పిల్లలో, అనారోగ్యంతో ఉన్న పెద్దవాళ్లో ఉన్న ఇంటికి నేను ముందు పెట్టే షరతు ఇదే: పని రోజున ఇద్దరిలో ఒకరు గంటలోపు ఇంటికి చేరగలగాలి. అది కుదరని ఊరు ఎంత చౌకైనా, ఎంత న్యాయంగా కనిపించినా దాన్ని కొట్టేస్తాను.

మధ్య ఊరు ఎప్పుడూ పనికిరాదని కాదు. ఒకరికి విజయవాడలో, ఒకరికి గుంటూరులో ఉద్యోగమైతే మంగళగిరి చక్కగా కుదురుతుంది, ఎటు వెళ్లినా గంట దాటదు. మొత్తం దూరమే తక్కువైనప్పుడు దాన్ని సగం చేసినా ఇద్దరూ ఇంటికి దగ్గరగానే ఉంటారు. ఇంత పెద్ద దూరాన్ని సగం చేస్తే మిగిలేది రెండు దూరాలు.

భువనగిరి పేరు కూడా వచ్చింది. ఘట్‌కేసర్ నుంచి యాదాద్రి దాకా ఎంఎంటీఎస్ లోకల్ రైలు వస్తుందని, అప్పుడు స్థలాల ధరలు పెరుగుతాయని ఆయన స్నేహితుడెవరో చెప్పారట. ఆ పొడిగింపు మాట ఏళ్లుగా నడుస్తోంది. రాబోయే రైలును నమ్ముకుని ఈ జూన్‌లో పిల్లాణ్ణి బడిలో వేయలేం. దాని మీద ఎక్కువ సమయం పెట్టలేదు.

ఆయన్ను ఒక సెలవు రోజు తీసుకుని భార్యతో పాటు ఎల్కతుర్తి దాకా వెళ్లి రమ్మన్నాను. ఆయన స్వార్థపరుడని నాకెప్పుడూ అనిపించలేదు. ఆమె వెళ్లేటప్పుడు ఆయన నిద్రలో ఉంటారు, ఆమె వచ్చేసరికి ఆయన ఆఫీసు నుంచి దారిలోనే ఉంటారు. ఆ ప్రయాణం ఆయన కంట పడే అవకాశమే లేదు. తిరిగి వచ్చాక ఆయన రెండు సంగతులు చెప్పారు. హనుమకొండ బస్టాండులో ఆమె రెండు బస్సుల మధ్య సంచి చంకన పెట్టుకుని పరుగెత్తారు, పరుగెత్తుతూనే చేతిలోని డబ్బాలోంచి రెండు ముద్దలు తిన్నారు. రెండోది, బడిలో హాజరు వేసే చోట నిలబడి ఆమె ఊపిరి తీసుకున్న తీరు. ‘అంతసేపూ బిగపట్టుకునే ఉందేమో అనిపించింది’ అన్నారు.

దానితో ఆయన మనసు మారిపోయిందని రాయను. వారం తర్వాత ఆయన తెచ్చిన ఉపాయం, ఉప్పల్ నుంచి కొందరు టీచర్లు కలిసి కారులో వెళ్తారట, అందులో చేరితే సరిపోతుందని. వాకబు చేస్తే ఆ కార్లు జనగామ, మహా అయితే స్టేషన్ ఘన్‌పూర్ దాకా. ఎల్కతుర్తికి ఎవరూ లేరు. అప్పుడు విడిగా కూర్చున్నప్పుడు అసలు భయం బయటకు వచ్చింది. హనుమకొండకు వెళ్తే తాను ఆఫీసులో వెనకబడిపోతానని, టీమ్ లీడ్‌గా ఉన్నవాడు వారానికి రెండు రాత్రులు పీజీ హాస్టల్లో కుర్రాళ్లతో పడుకోవాలా అని. ఆ భయం నిజమైనదే, దాన్ని నేను చిన్నబుచ్చలేదు. ఒక్కటే అడిగాను: మీరు చెబుతున్న రెండు రాత్రుల కష్టాన్ని, ఆమె మూడేళ్ల తెల్లవారుజాముల్ని ఒకే కాగితం మీద రాసి ఎప్పుడైనా చూశారా? ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

ఇలాంటి కేసుల్లో పెద్దవాళ్లను వదిలేస్తారు. ‘అమ్మ ఎక్కడైనా సర్దుకుంటుంది’ అంటారు. నేను ఆవిడతో ఒంటరిగా మాట్లాడాను. జనగామ ఇల్లంటే ఆవిడకు ప్రాణం, ఆ మాట కొడుకు నిజమే చెప్పాడు. కానీ ఆవిడ చెప్పింది ఇది: ‘జనగామలో నాకు మనుషులున్నారమ్మా. కానీ వీళ్లిద్దరూ పొద్దున్నే చెరో దిక్కుకు పోతే పిల్లాడి బాధ్యత నా ఒక్కదాని మీద పడుతుంది. జ్వరం వచ్చిన బిడ్డను ఒళ్లో పెట్టుకుని ఫోను వంక చూస్తూ కూర్చోవడం ఇక నా వల్ల కాదు. కోడలు దగ్గర్లో ఉంటే చాలు, ఊరు ఏదైతే ఏమిటి.’ ఈ మాట కొడుకుతో ఎందుకు అనలేదని అడిగితే, ‘వాడు నాన్న ఇల్లని మురిసిపోతుంటే ఎలా అంటాను’ అన్నారు. ఆవిడ అనుమతితో ఆ మాటను ఉమ్మడి సిట్టింగులో చెప్పాను. జనగామ అక్కడితో పక్కకు పోయింది.

డబ్బు లెక్క అనుకున్నంత కష్టపెట్టలేదు. బోడుప్పల్ ఫ్లాటుకు నెలకు 17 వేల అద్దె వస్తుంది. కాకతీయ యూనివర్సిటీ దాటాక భీమారంలో రెండు పడకగదుల ఇల్లు 11 వేలకు దొరికింది. రాయదుర్గం దగ్గర పీజీలో మంచం నెలకు 7 వేలు. వెయ్యి రూపాయలు తేడా. ఆమె ఇంటి అద్దె భత్యం పనిచేసే చోటును బట్టి 11 శాతమే, కాబట్టి హైదరాబాద్‌లో ఉన్నంత కాలం నగరపు ఖర్చు పెడుతూ పల్లె భత్యం తీసుకుంటున్నారు. ఇంకో సంగతి వాళ్ల అకౌంటెంట్ చెప్పారు: కొత్త పన్ను విధానంలో సొంతంగా ఉంటున్న ఇంటి రుణ వడ్డీకి మినహాయింపు లేదు, అద్దెకిస్తే ఆ అద్దె ఆదాయం మేరకు వడ్డీని తగ్గించి చూపుకోవచ్చు.

కాజీపేట నుంచి రోజూ రైలు పాస్ మీద వెళ్తానని ఆయన ఒక దశలో అన్నారు. సికింద్రాబాద్ దాకా 132 కిలోమీటర్లు, సీజన్ టికెట్ 150 కిలోమీటర్ల వరకు ఇస్తారు కాబట్టి పాస్ వస్తుంది. చేసేవాళ్లూ ఉన్నారు. కానీ రాత్రి 8కి ముగిసే షిఫ్టుతో ఇంటికి వచ్చేసరికి అర్ధరాత్రి అవుతుంది, పొద్దున్నే మళ్లీ బయల్దేరాలి. భార్య మోసిన బరువును భర్త నెత్తికి మార్చడం నాకు ఇష్టం లేదు. మంగళవారం పొద్దున వెళ్లి, మంగళ, బుధ రాత్రులు అక్కడే ఉండి, గురువారం షిఫ్టు అయ్యాక బయల్దేరడమే మేలని తేల్చాం. ఇంటి నుంచి పనిచేసే రోజులు శుక్రవారం, సోమవారం. అంటే శుక్రవారం పొద్దుటి నుంచి మంగళవారం పొద్దుటి దాకా ఆయన ఇంట్లోనే.

ఊరు తేలాక ఎక్కువ కూర్చున్నది ఆ నాలుగు రోజుల మీదే. ఇక్కడే చాలా ఇళ్లు జారిపోతాయి. భార్య బడికి దగ్గరగా వచ్చింది కదా, ఇక ఇల్లంతా ఆమే చూసుకుంటుంది అనుకుంటారు. ప్రయాణంలో మిగిలిన ఐదు గంటలు వంటింట్లోకి వెళ్లిపోతాయి. అందుకే రాతపూర్వకంగా పెట్టాం. శుక్రవారం నుంచి సోమవారం దాకా బాబు డబ్బా, హోంవర్క్, అమ్మ మందులు, సరుకులు ఆయనవి. అమ్మ షుగర్ పరీక్షకు తీసుకెళ్లేది ఆయనే. ఆమె వెనక నిలబడి చెప్పి చేయించకూడదు. బడి దగ్గర అత్యవసర ఫోను నంబర్ల వరుసలో శుక్ర, సోమవారాల్లో తండ్రి నంబరు ముందు. బుధవారం రాత్రి వీడియో కాల్ బాబు కోసమే, అందులో వాయిదాలు, కరెంటు బిల్లులు మాట్లాడకూడదు. బోడుప్పల్ ఫ్లాటును అమ్మకూడదు. జనగామ ఇంటికి నెలకో ఆదివారం అందరూ వెళ్లాలి, అత్తమ్మ అడగకుండానే. ఆయన పీజీలో రాత్రులు రెండుకు మించకూడదు.

జూన్‌లో మారారు. దసరా సెలవుల్లో మొదటిసారి సమీక్షకు వచ్చారు. ఆమె ఇప్పుడు 7.50కి ఇంటి నుంచి బయల్దేరి సాయంత్రం ఐదున్నరకల్లా ఇంట్లో ఉంటున్నారు. ఆగస్టుకే అయిపోయే సీఎల్స్, అంటే క్యాజువల్ సెలవులు, ఈసారి సగం మిగిలాయి. అన్నింటికంటే నాకు సంతోషమనిపించింది, ఆమె మళ్లీ పిల్లల్ని సైన్స్ ఫెయిర్‌కు తయారు చేయడం మొదలుపెట్టారు. ఆయన శుక్రవారాలు బాగానే నడుస్తున్నాయి. సోమవారాలు ఆఫీసు కాల్స్‌తో చెడుతున్నాయి, ఆ రోజు డబ్బా మళ్లీ ఆమె మీదకు వచ్చింది. దాన్ని సరిచేశాం, సోమవారానికి సరుకులు ఆదివారమే తెచ్చి, కూరగాయలు కోసి పెట్టేలా. బాబు మొదటి నెల బోడుప్పల్ స్నేహితుల కోసం ఏడ్చాడు. మంగళవారం రాత్రులు ఇప్పటికీ నాన్న ఎప్పుడొస్తాడని అడుగుతాడు. నాయనమ్మకు భీమారంలో పలకరించే మనుషులు ఇంకా కుదరలేదు, గుడి దగ్గర ఒకరిద్దరు పరిచయమయ్యారు. ఈ రెండింటినీ నేను చిన్న విషయాలుగా చూడటం లేదు.

జనవరిలో కంపెనీ వారానికి నాలుగు రోజులు ఆఫీసుకు రమ్మంది. రాసుకున్న షరతు ప్రకారం మూడో రాత్రి కుదరదు. ఇలాంటప్పుడు కొందరు ‘చూశారా, నేను ముందే చెప్పాను’ అంటారు. ఆయన అలా అనకుండా కాగితం తీసుకుని వచ్చారు. మేనేజరుతో మాట్లాడి మార్చి నెలాఖరు వరకు మూడు రోజులకే ఒప్పించుకున్నారు, హైబ్రిడ్ వెసులుబాటు ఉన్న ఇంకో టీమ్‌కు అంతర్గతంగా దరఖాస్తు పెట్టారు. ఆమె వైపు నుంచి ఒక దారి ఉంది. జిల్లా దాటి బదిలీ రాదు కానీ జిల్లా లోపల వస్తుంది. వచ్చే బదిలీల్లో ధర్మసాగర్ వైపు బడి దొరికితే ఇల్లు కాజీపేట స్టేషన్ దగ్గరికి మార్చుకోవచ్చు, అప్పుడు నాలుగో రోజును ఆయన పొద్దున వెళ్లి రాత్రికి వచ్చే రోజుగా పెట్టుకునే వీలుంటుంది.

బోడుప్పల్ అద్దె ఒప్పందం పదకొండు నెలలది. అది ముగిసేదీ, బాబు బడి సంవత్సరం ముగిసేదీ ఒకే సమయంలో, ఏప్రిల్‌లో పడేలా మొదట్లోనే చూసుకున్నాం. తదుపరి సిట్టింగు మార్చి రెండో వారంలో. ఈసారి అత్తమ్మ కూడా వస్తానన్నారు.